మావిస్ సర్దిన వాగు

"కాలు నేలకి తగలకుండా పైదాకా పోతే సున్నా. ఒకసారి మోపితే ఒకటి, రెండుసార్లు మోపితే రెండు. మూడుసార్లు మోపినా ముప్ఫైసార్లు మోపినా మూడే. బండి ఆగినా, పడినా, గుర్తులు దాటి బయటికి పోయినా ఐదు. అన్నీ కూడాక ఎవరికి తక్కువొస్తే వాళ్ళు గెలిచినట్టు. దీనికి చదువక్కర్లేదు మావిస్, కళ్ళుంటే చాలు."

ఇలా చెప్పి సెసిల్ మెట్‌కాఫ్, రైల్లో టికెట్లకు బెజ్జం కొట్టేలాంటి చిన్న కత్తెరను ఆమె చేతిలో పెట్టాడు. ఆ మోటారు సైకిళ్ళ పోటీకి పెద్ద అతనే. కొండ మీద పది చోట్ల దారులు ఏర్పరిచింది, గుర్తుల చీటీలు కట్టింది అతనే. తగవు వస్తే తీర్చవలసిందీ అతనే.

"మరి అనుమానమొస్తే?" అంది మావిస్.

"అనుమానమొస్తే లాభం రైడరుకి. అనుమానం లేకపోతే నీ మాటే ఆఖరి మాట. నేనొచ్చి మార్చను. రాణీగారొచ్చినా మార్చరు."

ఒక సంచీలో పంది మాంసం కూరిన రొట్టె, పండ్ల కేకు ముక్క, దాని మీదకి జున్ను ముక్క ఇచ్చి సెసిల్ పైపు వెలిగించుకుంటూ కొండెక్కి వెళ్ళిపోయాడు. మొదటి బండి రావడానికి ఇంకా గంటన్నర ఉంది.

మావిస్ కోట్స్ ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఆ లోయలోని బడిలో వంటమనిషిగా పనిచేసింది. నలభై ఏళ్ళ లోపు వాళ్ళలో సగం మంది ఆమె గరిటె కింద పెరిగినవాళ్ళే. ఈ మోటారు సైకిళ్ళ ఆటతో మాత్రం, ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో, ఆమెకున్న సంబంధం బురద పంట్లాలు ఉతకడం వరకే. మొగుడు విల్ఫ్ ప్రతి ఆదివారం ఏదో ఒక కొండ మీద పడి దొర్లి వచ్చేవాడు. ఎందుకు దొర్లాడో ఆమె అడిగేది కాదు. ఈసారి క్రో గిల్ దగ్గర కూర్చునే ముసలి మేష్టారికి జ్వరం తగులుకుంది. మార్కులేసే మనిషి లేకపోతే ఆ చోటు పోటీలోంచి తీసేయాల్సిందే.

"క్రో గిల్ తీసేస్తే నేనెందుకు పోవడం?" అని విల్ఫ్ మూడు రోజులు తిండి దగ్గర నసిగాడు. అందుకే ఆమె వచ్చింది.

క్రో గిల్ అంటే కొండ మీంచి దిగే సన్నటి వాగు. అడుగున మోకాలి లోతు నీళ్ళు, నడిమధ్యలో నడుమెత్తు రాతి మెట్టు, ఆ మెట్టు మీద వడ్డన బల్లంత పలకరాయి, ఆపైన నున్నటి ఏటవాలు. ఎర్ర చీటీలు కుడిచేతికీ, నీలం చీటీలు ఎడమచేతికీ వచ్చేలా వాటి మధ్య నుంచి పోవాలి. పైనున్న ఆఖరి జత చీటీలు దాటితే పని అయినట్టు. పోటీలో ఇలాంటి పది చోట్లనీ మూడు చుట్లు తిరగాలి. విల్ఫ్ ఇరవై ఏడేళ్ళుగా ఏడాదికి మూడేసిసార్లు దీన్ని ఎక్కబోయి, మూడేసి ఐదులు మూట కట్టుకుని ఇంటికి వస్తున్నాడు. ఒక ఏడాది మంచు పడి పోటీ ఆగిపోయింది. విల్ఫ్ క్రో గిల్‌లో ఓడిపోని ఏడాది అదొక్కటే. వచ్చే ఏప్రిల్‌లో అతని మోకాలికి ఆపరేషను. ఆ తర్వాత బండి మాటెత్తితే డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కసారి మావిస్, ఒక్కసారి చక్రాల మీద పైదాకా పోవాలి. అంతే నాకు కావాల్సింది," అన్నాడు రాత్రి బూట్లకు నూనె రాస్తూ. పోస్టాఫీసు ఉద్యోగంలో పెన్షను అడిగినప్పుడు కూడా ఆ అరవై ఆరేళ్ళ మనిషి గొంతులో అంత ఆశ లేదు.

మావిస్ చలికి కాళ్ళు కొట్టుకుంటూ వాగులోకి తొంగిచూసింది. చూస్తున్నకొద్దీ ఆమెకి ఒళ్ళు మండింది. ఎక్కడ చూసినా వదులు రాళ్ళు! రొట్టెలంతవి, బన్నులంతవి, అన్నీ దారికి అడ్డంగా. పైన ఒక ఎండుకొమ్మ. మెట్టు మీద పచ్చటి పాచి. ఆ పలకరాయి మీద ఆమె కాలు పెడితే ఊయలలా అటూ ఇటూ ఊగింది. పిల్లలు పరిగెత్తే వంటింటి నేల మీద ఒక బఠాణీ గింజ పడితేనే ఊరుకోని మనిషి ఆమె. "నలభై మంది మగాళ్ళు, ఒక్కడికైనా ఒక చీపురు తెచ్చుకోవాలని తోచలేదు," అనుకుంది.

చేతులు ఊరుకోలేదు. చలి కూడా కదలమంటోంది. వదులు రాళ్ళన్నీ ఏరి గోడ వెనక పెద్దవి ఒక చివర, చిన్నవి ఒక చివర వరస పెట్టింది. కొమ్మ లాగి అవతల పారేసింది. ఎండిన ఫెర్ను మొక్కలు కట్ట కట్టి పాచి రుద్దింది. ఇక మిగిలింది ఆ ఊగే పలక. ఎగుడుదిగుడు బల్ల కింద మడిచిన కాగితం పెట్టినట్టు, పలక కింద సందుల్లో చిన్న రాళ్ళు ఒక్కొక్కటీ వెతికి వెతికి దిగ్గొట్టింది. ఎక్కి గెంతి చూసింది. కదల్లేదు. చేతులు దులుపుకుని, మాంసం రొట్టె తిని, మనసు కుదుటపడి కూర్చుంది.

మొదటివాడు డెరెక్ థ్వైట్. ఊళ్ళో మాంసం కొట్టు అతనిదే. బండి దిగి, దారి చూసుకోవడానికి నడుచుకుంటూ వచ్చి ఆమెను చూసి నిటారుగా నిలబడ్డాడు.

"మిసెస్ కోట్స్! మీరా! గోళ్ళు చూపించమంటారా?"

"నోరు మూసుకుని ఎక్కు. నీ కోసం కూర్చుని నా వెన్ను గడ్డకట్టింది."

డెరెక్ వాగు వంక చూసి కళ్ళు చికిలించాడు. "చలికాలం వరదకి రాళ్ళన్నీ కొట్టుకుపోయినట్టున్నాయే!" అన్నాడు సంతోషంగా. బండెక్కి, నీళ్ళలో దిగి, గుర్రుమని మెట్టెక్కి, ఒక్క కాలు కూడా మోపకుండా పైన తేలాడు. తనని తానే నమ్మలేనట్టు వెనక్కి చూసుకున్నాడు. మావిస్ అతని కార్డు మీద సున్నా దగ్గర బెజ్జం కొట్టింది.

రెండోవాడికీ సున్నా. మూడోవాడు ఒకసారి కాలు మోపాడు, అదీ పరాకుగా. ఇరవై మంది వెళ్ళేసరికి పద్నాలుగు సున్నాలు పడ్డాయి. వచ్చినవాళ్ళల్లా వరదని దీవించి పోతున్నారు. 'ఇంతోటి దానికా ఈ మనిషి ఇరవై ఏడేళ్ళు ఏడ్చింది?' అనుకుంది మావిస్. విల్ఫ్ మీద కొంచెం జాలి, కొంచెం సిగ్గు కలిగాయి.

ఇరవై రెండోవాడు విల్ఫ్. ఆమెని పలకరించలేదు. పోటీలో పెళ్ళాన్ని పలకరిస్తే పక్షపాతం అంటారని ముందే చెప్పి ఉంచాడు. నిలబడి, మోకాళ్ళు వంచి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని బయల్దేరాడు. నీళ్ళు దాటాడు. మెట్టు ఎక్కాడు. పలక మీదికి ముందు చక్రం పోయింది, వెనక చక్రం పోయింది, పలక అంగుళం కూడా కదల్లేదు. ఆఖరి చీటీలు దాటాడు.

తర్వాత అతను చేసిన అరుపుకి అవతలి పొలంలో గొర్రెలు మూల చేరాయి. బండి ఎక్కడ పెట్టాలో తెలియక కొద్దిసేపు చేత్తో పట్టుకుని గుండ్రంగా తిరిగాడు. చివరికి దాన్ని గోడకి ఆన్చి, హెల్మెట్టు తీయడం మరిచి మావిస్‌కి ముద్దు పెట్టబోయాడు. అది ఆమె నుదుటికి ఠంగుమని తగిలింది.

"సున్నా కొట్టు! గట్టిగా కొట్టవే, కార్డు చిరిగినా ఫర్లేదు!"

"ముసలాడా, నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ!" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. కార్డుని జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చూసుకుని, మళ్ళీ పెట్టుకుని వెళ్ళాడు. మావిస్ నుదురు రుద్దుకుంటూ నవ్వుకుంది. ఈ ఆటలో తనకి తెలియని రుచి ఏదో ఉందని మొదటిసారి అనిపించింది.

ముప్ఫై ఒకటో నంబరు గెయిల్ ఆల్డర్సన్. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. సున్నం లేకుండా ఉత్త రాళ్ళతో పొలాల చుట్టూ గోడలు కట్టడం తండ్రితో కలిసి చేసే పని. ఆదివారం వచ్చిందంటే ఈ క్లబ్బులో ఆమెను మించినవాళ్ళు లేరు. క్రో గిల్‌ని సున్నాకి ఎక్కగలిగేది, అదీ మూడేళ్ళకోసారి, ఆమె ఒక్కతే. ఆరోజు ఒంటిచేత్తో ఎక్కినట్టు ఎక్కింది. కార్డుకి బెజ్జం కొట్టించుకుని వెళ్ళకుండా, బండి ఆపేసి నడుచుకుంటూ మళ్ళీ వాగులోకి దిగింది. పలక పక్కన గొంతుక్కూర్చుని కింద వేలు పెట్టి చూసింది.

"మిసెస్ కోట్స్."

"ఏమ్మా?"

"ఈ రాళ్ళని నీళ్ళు తెచ్చి పెట్టలేదు. చేతులు పెట్టాయి. చూడండి, ప్రతిదీ సన్నగా ఉన్న వైపు లోపలికి పెట్టి దిగ్గొట్టారు. మా నాన్న కూడా ఇంత బాగా బిగించడు. ఎవరు చేశారో చూశారా?"

"చూడ్డమేంటి, నేనే చేశాను," అంది మావిస్ గర్వంగా. "పాచి కూడా నేనే రుద్దాను. మెడలు విరుగుతాయే మీకు!"

 నవ్వాలో ఏడవాలో తెలియక గెయిల్ రెండు చేతులూ ముఖానికి పెట్టుకుంది.

"అమ్మా, ఈ ఆటలో ఒక్క గులకరాయి కూడా ముట్టుకోకూడదు. కాలితో తోసినా ఐదు. కొండ ఎలా ఉంటే అలాగే ఎక్కాలి. ఆటంతా అదే కదా!"

"సెసిల్ చెప్పినదాంట్లో ఆ ముక్క లేదే?"

"ఊపిరి పీల్చుకోండి అని కూడా లేదు. అందరికీ తెలుసనుకుంటారు."

మావిస్‌కి ముందు అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. ముందుగా గుర్తొచ్చింది సెసిల్ కాదు, వరసగా పడిన సున్నాలు కాదు. కార్డు తీసి చూసుకుంటూ వెళ్ళిన విల్ఫ్. 

సెసిల్‌కి కబురు పోయింది. అతను వచ్చేలోపు పది మంది రైడర్లు పోగయ్యారు. డెరెక్ రెండో చుట్టు తొందరగా మొదలుపెట్టి అప్పటికే అక్కడికి చేరాడు.

"గెయిల్, నువ్వు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదా తల్లీ," అన్నాడు. "అందరికీ ఒకటే వాగు. అందరికీ ఒకటే తేలిక. ఇందులో అన్యాయం ఎక్కడుంది?"

"నీకు సున్నా వచ్చింది కాబట్టి నీకు కనపడదు."

"నీకూ వచ్చిందిగా!"

"నాకు అప్పుడప్పుడూ వస్తుంది. నీకొచ్చిందనే నా బాధ."

అందరూ నవ్వారు, డెరెక్ కూడా. "నిజం చెప్పావు," అన్నాడు. "ఇక్కడ నువ్వు నన్ను ఐదు మార్కులతో తంతావు. ఈ ఒక్క ఏడాదైనా నన్ను బతకనివ్వవా?"

"ఒళ్ళు తగ్గించు. ఐదులు వాటంతటవే తగ్గుతాయి."

సెసిల్ వచ్చి, పలకని చూసి, గోడ వెనక వరసగా పేర్చిన రాళ్ళని చూసి, చాలాసేపు పైపు నమిలాడు. "పెద్దది నుంచి చిన్నదాకా," అన్నాడు మెల్లగా. "నలభై ఏళ్ళుగా పోటీలు నడుపుతున్నాను. దొంగతనంగా ఒక రాయి కాలితో తోసినవాళ్ళని చూశాను. వాగుని ఇలా అల్మారాలా సర్దినవాళ్ళని చూడలేదు."

"నేను ఇంటికి పోతాను సెసిల్," అంది మావిస్.

"పోతే క్రో గిల్ మొత్తం తీసేయాలి. మూడు చుట్లూ."

మావిస్ చేతిలో కత్తెర వంక చూసింది. "ఉంటే?"

"మొదటి చుట్టు ఇక్కడ ఎవరికీ లెక్కలో ఉండదు. సున్నాలూ పోతాయి, ఐదులూ పోతాయి, అందరికీ సమానం. మిగిలిన రెండు చుట్లూ అసలు క్రో గిల్ మీద జరగాలి. అంటే ఇవన్నీ మళ్ళీ వెనక్కి పోవాలి. కానీ ఏ రాయి ఎక్కడుండేదో ఎవరికి గుర్తుంటుంది?"

"నాకు," అంది మావిస్.

అందరూ ఆమె వంక చూశారు.

"మూడొందల కంచాలు ఎవరెవరికి ఏది పడదో కాగితం లేకుండా వడ్డించినదాన్ని. ముప్ఫై రాళ్ళు గుర్తుండవా? డెరెక్, ఆ పెద్దది ఎత్తు. కాదు, పక్కది. మెట్టు కింద ఎడం పక్క."

"ఇది కుడి పక్క ఉండేదండీ, నాకు బాగా గుర్తు. పోయినేడు నా మోకాలికి తగిలింది."

"తగిలింది ఇది కాదు, దాని అన్న. అది అక్కడే ఉంది చూడు. నిన్నెవరూ ఆలోచించమనలేదు, మోయమన్నాను."

డెరెక్ మోశాడు. గెయిల్ ఒక్కొక్క రాయినీ తిప్పి, తడి మరక కిందకీ పాచి పైకీ వచ్చేలా పెట్టి, "ఇలాగేనా?" అని అడిగింది. మావిస్ "ఇంకొంచెం నీ వైపు" అనో, "అలాగే ఉంచు" అనో చెప్పింది. పాచిని మాత్రం ఎవరూ మళ్ళీ అతికించలేకపోయారు. పది మంది బురద బూట్లతో మెట్టు మీద నడిచేసరికి అది ముందుకన్నా జారుగా తయారైంది. ఆఖరికి పలక కింద రాళ్ళు మావిస్ తనే పీకింది. ఒక్కొక్కటీ పీకుతుంటే పలక ఎలా కూర్చుందో ఆమె చేతులకు తెలిసింది. నడిమధ్యలో ఎక్కితే అది ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఎడమ అంచు మాత్రం కింద కొండరాతి మీద ఆనుకుని ఉంది. అక్కడ ఎక్కితే కదలదు. బెత్తెడు చోటు, అంతే.

అరగంటకల్లా క్రో గిల్ మళ్ళీ క్రో గిల్ అయింది. రెండో చుట్టులో డెరెక్ మెట్టు దగ్గరే వెల్లకిలా పడ్డాడు. మావిస్ ఐదు కొట్టింది.

"మీరు క్యాబేజీ కూడా ఇలాగే వేసేవారు," అన్నాడతను నీళ్ళు కారుతూ. "వద్దన్నా పెద్ద గరిటెతో."

విల్ఫ్ రెండో చుట్టుకి మధ్యాహ్నం రెండు గంటలకి వచ్చాడు. మిగతా తొమ్మిది చోట్లా తన సున్నా గురించి చెప్పుకుంటూ వచ్చాడని అతని నడకే చెబుతోంది. మావిస్ ఎదురెళ్ళి నిలబడింది. దారిలో ఎవరో చెప్పి ఉంటే బాగుండునని అప్పటిదాకా ఆశపడింది. ఎవరికీ నోరు రాలేదు.

"విల్ఫ్, బండి ఆపు. ఒక మాట."

"పోటీలో మాట్లాడకూడదన్నానా?"

"పొద్దున వాగుని నేను శుభ్రం చేశాను. రాళ్ళు తీసేశాను. ఆ పలక ఊగకుండా కింద బిగించాను. నాకు తెలీదు. నువ్వు ఎక్కింది క్రో గిల్ కాదు. మొదటి చుట్టు లెక్కలోంచి కొట్టేశారు."

విల్ఫ్ కార్డు తీసి చూసుకున్నాడు. ఆ బెజ్జం అక్కడే ఉంది. వాగు వంక చూశాడు. రాళ్ళు, బురద, పలక, అన్నీ ఇరవై ఏడేళ్ళుగా చూసినట్టే ఉన్నాయి.

"పాచి కూడా రుద్దావా?"

"రుద్దాను."

"దేంతో?"

"ఫెర్నుతో."

అతను అటు తిరిగాడు. అతని భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడనుకుంది మావిస్. తీరా చూస్తే నవ్వుతున్నాడు. "ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేను నడిచిన చోటల్లా వెనకాలే తుడిచావు," అన్నాడు. "మొదటిసారి ముందు తుడిచావు!" కానీ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. హెల్మెట్టు పెట్టుకునేటప్పుడు అతని ముఖం ఖాళీ అయిపోవడం ఆమె చూసింది. ఆ చుట్టులో పలక నడిమధ్యకి ఎక్కాడు. అది ఒరిగిపోయింది. విల్ఫ్, బండి, పలక చప్పుడు, అన్నీ కలిసి నీళ్ళలోకి వచ్చాయి. ఐదు.

ఇక మిగిలింది ఒక్క చుట్టు. మావిస్ కేకు ముక్క విప్పి మళ్ళీ కట్టేసింది. పలక ఎక్కడ కదలదో ఈ కొండ మీద తెలిసింది తనకీ, గెయిల్‌కీ మాత్రమే. గెయిల్ రెండో చుట్టులో ఎడమ అంచు మీదుగా, ఒకే ఒక్కసారి కాలు మోపి పైకి పోయింది. అదీ తన కళ్ళతో తను కనిపెట్టుకుని. చెప్పడానికి ఒక్క మాట చాలు. 'ఎడం.' మార్కులేసే మనిషి రైడరుకి దారి చెబితే ఆ రైడరుకి ఐదు. ఈసారి ఆ ముక్క సెసిల్ ఆమెకి వేలు చూపించి మరీ చెప్పి వెళ్ళాడు.

నాలుగు కావస్తుండగా విల్ఫ్ కుంటుకుంటూ వచ్చాడు. బండి దిగి, నడిచి చూసి, మెట్టు దగ్గర ఆగాడు. పదిహేను మంది గట్టు మీద చేరారు. ఎవరూ ఇళ్ళకి పోలేదు.

"ఎటు నుంచి బాగుంటుందంటావ్?" అన్నాడు గాలితో మాట్లాడినట్టు.

"నన్నడక్కు."

"నిన్నడగలేదు. వాగుని అడిగాను."

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా జీతం పెరిగినా, పులుసు మాడినా ఆ కళ్ళలోనే చదువుకున్న మనిషి. మావిస్ తన కళ్ళు ఎడమ వైపు జారిపోతాయేమోనని భయపడి, తలెత్తి మబ్బుల్ని చూస్తూ నిలబడింది. మెడ పట్టేసింది. అయినా దించలేదు.

"వాన పడేలా ఉందా మిసెస్ కోట్స్?" అన్నాడు డెరెక్. గట్టు మీద అందరూ గొల్లుమన్నారు.

విల్ఫ్ మెట్టు మీద వంగి నేలని చూశాడు. గెయిల్ చక్రం గీత ఒకటి సన్నగా ఎడమ అంచు మీదుగా పోయింది. దాన్ని వేలితో తాకాడు. లేచి వెళ్ళి బండెక్కాడు.

బండి శబ్దం రాగానే మావిస్ మబ్బుల్ని వదిలి చక్రాల పక్కనే వంగి పరిగెత్తింది. నీళ్ళలో పెద్ద రాయికి ముందు చక్రం తగిలి బండి పక్కకి వంగింది. కుడికాలు మోపాడు. ఒకటి. మెట్టు. ముందు చక్రం గాల్లోకి లేచి పలక ఎడమ అంచు మీద దిగింది. పలక కదల్లేదు. వెనక చక్రం బురదలో గిరగిరా తిరిగింది. బండి ఆగిపోతుందనగా మళ్ళీ కాలు మోపి ముందుకి తోశాడు. రెండు. చక్రం పట్టు దొరకబుచ్చుకుంది. ఏటవాలు మీద బండి అటూ ఇటూ పాకుతూ, విల్ఫ్ గొంతులోంచి ఏదో కూత వస్తూ, బండీ అతనూ కలిసి ఆఖరి చీటీల దగ్గరికి చేరారు. అక్కడ, ముందు చక్రం చీటీలకి జానెడు దూరంలో ఉండగా, ఎడమ బూటు కొస గడ్డిని ఇలా రాసి అలా లేచింది. దాటేశాడు.

గట్టు మీద చప్పట్లు, కేకలు. గెయిల్ రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. సెసిల్ పైపు నోట్లోంచి జారి గడ్డిలో పడింది. విల్ఫ్ బండి మీదే నిలబడి కొండ మీద నుంచి వాగుని, వాగు అడుగుని, మళ్ళీ వాగుని చూశాడు. ఇరవై ఏడేళ్ళలో అసలైన క్రో గిల్‌ని పైనుంచి, బండి దిగకుండా చూడటం అతనికి అదే మొదలు. పొద్దుటి సున్నా అప్పటికే అతని ముఖంలో లేదు.

"కార్డు," అంది మావిస్ ఆయాసపడుతూ. కళ్ళు తుడుచుకుని కత్తెర పట్టింది. టక్కుమంది.

విల్ఫ్ చూసుకున్నాడు. నవ్వు ఆగింది.

"మూడా?"

"మూడు."

"రెండు! నీళ్ళలో ఒకటి, మెట్టు మీద ఒకటి!"

"చీటీల దగ్గర ఒకటి. ఎడం కాలు."

"అది కాలు కాదు, బూటు ముక్కు! గడ్డికి తగిలింది. గడ్డి నేలెలా అవుతుంది?"

"గడ్డి నేల మీద కాక నీ నెత్తి మీద మొలుస్తుందా?"

"సెసిల్! నువ్వు చెప్పు!"

గడ్డిలో పైపు వెతుక్కుంటున్న సెసిల్ తలెత్తలేదు. "ఆఖరి మాట ఆవిడది. పొద్దునే చెప్పాను."

"అనుమానమొస్తే రైడరుకి లాభం అంటారుగా!"

"నాకు అనుమానం రాలేదు," అంది మావిస్.

ఊరి హాల్లో టీలు తాగుతున్నప్పుడు కూడా అతను వదల్లేదు. దొరికిన ప్రతివాడినీ పట్టుకుని, బూటు విప్పి, బల్ల మీద పెట్టి, గడ్డికీ ముక్కుకీ మధ్య ఎంత సందుందో చూపించాడు. వాగు మొత్తాన్ని సర్దేసి, పొద్దున సున్నాని పోగొట్టిన పెళ్ళాన్ని ఎప్పుడో క్షమించాడు. ఈ మూడో కాలు మాత్రం క్షమించలేకపోయాడు. డెరెక్ తనూ దగ్గరుండి చూశానని, ఖచ్చితంగా మూడేనని, కావాలంటే ప్రమాణం చేస్తానని నిప్పు రాజేశాడు. గెయిల్ మొదటి బహుమతి చంకలో పెట్టుకుని, "మిసెస్ కోట్స్, వచ్చే ఏడాది కూడా క్రో గిల్ మీదే కదా? మేష్టారు దూరం నుంచి కూర్చుని చూస్తారు. మీలా వంగి చూడరు," అంది.

"చీపురు తెచ్చుకోకూడదుగా?"

"చీపురు తెస్తే నేను రాను!"

వ్యాను అద్దాల నిండా ఆవిరి పట్టింది. వెనక బండి గొలుసులు గలగలలాడుతున్నాయి. ఇల్లు ఇంకా ఎనిమిది మైళ్ళుంది. విల్ఫ్ బార్టన్ మలుపు దాకా ఓపిక పట్టి, అక్కడ వ్యాను ఆపేశాడు.

"సరే. ఇద్దరం పెద్దవాళ్ళం. రెండున్నర అనుకుందామా?"

"కార్డులో రెండున్నరకి గడి లేదు."

"నీకు జాలి లేదు."

"లేదు."

అతను గేరు వేశాడు.  కొంతదూరం పోయాక, వైపర్ల చప్పుడు మధ్య, మావిస్‌కి అతను తనలో తను గొణుక్కోవడం వినిపించింది. మొదట విసుగ్గా, "మూడు," అన్నాడు. కాస్సేపటికి మళ్ళీ అన్నాడు, ఈసారి మాటని నాలుక మీద అటూ ఇటూ తిప్పి రుచి చూస్తున్నట్టు. "క్రో గిల్‌లో మూడు."

మావిస్ కేకు ముక్క విప్పి, జున్ను పెట్టి, సగం అతని నోటికి అందించింది.